మిణుగురు కుడి కన్ను

కెంపుకొండ రాజ్యంలో నదిని దొంగిలించుకుపోయారంటే మీరు నవ్వుతారు. నవ్వండి, తప్పులేదు. అక్కడి జనం కూడా మొదటి పూట నవ్వారు. మర్నాడు అలవాటు కొద్దీ రేవు మెట్ల మీంచి దూకినవాళ్ళు నడుములు పట్టుకుని ఇళ్ళకి చేరాక మానేశారు.

నీలవేణి నదంటే మామూలు నది కాదు. నెమలి మెడ రంగు నీళ్ళు, ముత్యాలు పొడి చేసి పరిచినట్టు ఇసక తిన్నెలు, ఒడ్డు పొడుగునా చలువరాతి మండపాలు, ఆ మండపాల నీడల్లో ఈదులాడే హంసలు. ఆ హంసలకి ఎంత గర్వమంటే, రాజుగారి పడవ ఎదురొచ్చినా అవి పక్కకి తప్పుకునేవి కావు. పడవే తప్పుకునేది. అలాంటి నదిని ఒక రాగిబిందెలోకి పట్టి, మూతికి లక్క పోసి, చంకన పెట్టుకుపోయినవాడు కాకదంతుడనే మాంత్రికుడు. వాడి నోట్లో ఉన్నది ఒకే పన్ను, అదీ నల్లది. వాడు నోరు తెరిస్తే కాకులు ఆ పంటి మీద వాలేవంటారు. వాలాయని నేను ప్రమాణం చెయ్యను. వాలలేదని చెప్పినవాడిని మాత్రం ఇంతవరకు చూడలేదు.

వాడు ఒక కాకి చేత రాజుగారికి కబురంపాడు.

"వజ్రకేతు మహారాజా, నీ నది నా గుహలో రాతిగూట్లో ఉంది. కావాలంటే పట్టుకుపో. మనిషి బరువు ఎరగని గుర్రప్పిల్ల వీపు మీద తప్ప ఈ బిందె ఎక్కడా కదలదు. ఆ వీపెక్కి మనిషన్నవాడు కూర్చున్నాడా, నది ఆవిరైపోతుంది. మీ గుర్రాలకి పెద్ద పేరట కదా. పంపించు, చూస్తాను."

రాజుగారు పంపించారు. ఏడు గుర్రప్పిల్లలు, వాటిని నడిపించుకుంటూ ఏడుగురు భటులు. ఒక్కరూ తిరిగి రాలేదు.

గుహకి పోయే దారి పేరు కత్తిదారి. మబ్బుల్ని చీరుకుంటూ లేచిన నల్లటి కొండ నడుముకి ఎవరో గోటితో గీసినట్టు ఉంటుంది. పైకి పోతుంటే కుడిపక్క నిట్టనిలువు బండ, ఎడమపక్క అడుగు కనబడని లోయ. ఆ బండ నిండా కన్నాలు, ప్రతి కన్నంలో కాకదంతుడి కాకులు. గుర్రం సగం దారికి రాగానే అవి కుడిపక్క నుంచి ఒక్కసారిగా లేచేవి. గుర్రం బెదిరి ఎడమకి దూకేది. భటుడు ఆ ఎడమపక్కనే ఉండేవాడు. ఇద్దరూ లోయలోకి. కొండ కింద గొర్రెలు కాసేవాళ్ళు ఏడుసార్లూ చూసి చెప్పిన మాట ఇది.

మరి భటుడు ఎడమపక్కనే ఎందుకు నడిచాడంటారా? అది చెప్పకపోతే ఈ కథే లేదు.

కెంపుకొండలో రాజాశ్వాలకి కుడిపక్క రాజుగారిది. తాతల నాటి కట్టడి. రాజుగారు గుర్రం ఎక్కేది కుడి నుంచి, కాబట్టి మరో మనిషి అటు నిలబడకూడదు, అటు నుంచి చెయ్యి వెయ్యకూడదు. వేస్తే ఆ చెయ్యి ఉండదు. రాజుగారు గుర్రానికి కుడిపక్కన నిలబడ్డారంటే దగ్గరున్నవాడు చేతిలో పగ్గం వదిలేసి తల వంచాలి. గుర్రాల్ని మాలీషు చేసేవాళ్ళు ఎడమపక్కనే నిలబడి, పొడుగు కర్రకి కట్టిన కుంచెతో వీపు మీంచి అవతలికి తడుముకునేవారు. అందుకని ఆ ఊరి గుర్రాలు ఎడమ నుంచి చూస్తే అద్దాల్లా ఉండేవి, కుడి నుంచి చూస్తే వానకి తడిసిన మట్టిగోడల్లా ఉండేవి. రాజుగారికి ఆ మట్టిగోడే కనబడేది. గుర్రాలన్నీ అలాగే ఉంటాయని ఆయన నమ్మకం.

"పిరికి గుర్రాల్ని పెంచావు," అని రాజుగారు అశ్వశాల పెద్ద గుండప్ప మీద మండిపడ్డారు. అరవై ఏళ్ళ గుండప్పని ఎండిన నది నడుమ ఉన్న ఊటబావిలోకి దింపించారు. పది బారల లోతు. దింపిన మోకు కూడా పైకి లాగించి కోటకి తెప్పించుకున్నారు. "తొమ్మిదో రోజు పొద్దు కుంకేలోగా నది వస్తే వీడు పైకొస్తాడు. రాకపోతే బావిని ఇసకతో పూడ్చండి," అన్నారు.

గుండప్పకి ఒక్కడే కొడుకు, బయ్యన్న. శాలలో మిగిలింది కూడా ఒక్కటే గుర్రప్పిల్ల. రెండేళ్ళు దాటి మూడోది నడుస్తోంది. కాటుక రంగు ఒళ్ళు, నొసట గోరంత తెల్లచుక్క. పేరు మిణుగురు.

*

మొదటి రోజు మిట్టమధ్యాహ్నం. నీలవేణి పడుకున్న చోట ఇసక పెనంలా కాలుతోంది. బోర్లించిన పడవ నీడలో బావి కాపలా భటులిద్దరూ సంకటి తిని గురక పెడుతున్నారు. బయ్యన్న మిణుగురు నోటికి మెత్తటి కళ్ళెం పెట్టి, నడుముకి పట్టీ బిగించి, ఆ పట్టీకి అటొకటి ఇటొకటి ఉన్న ఇత్తడి కడియాల్లోంచి రెండు పొడుగు పగ్గాలు దూర్చాడు. ఒక్కొక్కటి అయిదు బారలు. పగ్గాల కొసలు చేతుల్లో పట్టుకుని గుర్రం వెనకాల దూరంగా నిలబడ్డాడు.

కత్తిదారిలో గుర్రం మీద కూర్చోడానికి లేదు, వీపు మీద బిందె రావాలి. పక్కన నడవడానికి లేదు, ఆ ఏడుగురూ అలాగే పోయారు. ముందు నడిస్తే, గుర్రం ఒక్క అడుగు బెదిరి దూకితే మనిషి లోయలో ఉంటాడు. ఇక మిగిలింది వెనకాలే.

"ఒరే బయ్యా," బావిలోంచి గుండప్ప గొంతు వచ్చింది. "పగ్గాలు తగిలించావా?"

"తగిలించా నాయనా."

"వెనక కాళ్ళకి తాడు తగలనీ. తన్నుతుంది. తన్ననీ. తన్ని తన్ని, ఇది పాము కాదురా బాబూ అని దానికే తెలియాలి. నువ్వు చెప్తే వినదు, నువ్వు నా మాట విన్నావా ఎప్పుడైనా."

తాడు పిక్కలకి తగలగానే మిణుగురు ఇసక ఎగజిమ్మింది. బయ్యన్న లాగలేదు, వదల్లేదు. అలాగే నిలబడ్డాడు. పదిసార్లు తన్నింది. పదకొండోసారి కాలెత్తి, ఏదో మర్చిపోయినట్టు మళ్ళీ దింపేసింది.

"ఆగింది కదూ," అన్నాడు బావి అడుగున గుండప్ప. ఇసకలోంచి దిగే అడుగుల చప్పుడు చాలు ఆయనకి. "ఇప్పుడు పద అను. పగ్గం కొసన గుర్రం ఉందనుకోకు. గూట్లోంచి జారిన పిచ్చుకపిల్ల ఉందనుకో. నలపకు, జారనివ్వకు. పగ్గం వదులైతే నిలబడాలని ముందు నేర్పు. అదొక్కటీ వచ్చిందంటే మిగతావి అవే వస్తాయి."

"పద," అన్నాడు బయ్యన్న.

మిణుగురు నడిచింది. నాలుగు అడుగులు, ఎనిమిది, ఇరవై. వదులు చేస్తే నిలబడింది. మళ్ళీ నడిచింది.

"ఎడమ వెనక కాలు ఈడుస్తోందిరా."

"నీకెలా తెలుసు?"

"నువ్వు చిన్నప్పుడు బడికి పోయేటప్పుడు ఇలాగే ఈడ్చేవాడివి."

బయ్యన్న నవ్వుతూ గుర్రాన్ని తిప్పబోయాడు. మామూలుగా గుర్రం ఎడమ కంటికి కనబడేలా ఓరగా నడుస్తున్నాడు. తిప్పడంలో వెనకనుంచి దాటి కుడివైపుకి వచ్చాడు. అంతే. అప్పటిదాకా మేకపిల్లలా ఉన్న మిణుగురు నిలువునా లేచింది. బయ్యన్నని ఎన్నడూ ఎరగనట్టు గుడ్లు తిప్పింది. పగ్గాలు చేతులు కోస్తుంటే అతను ఇసకలో ముప్ఫై బారలు ఈడ్చుకుపోయి, బోర్లా పడ్డాడు.

"ఏమైందిరా?"

బయ్యన్న నోట్లో ఇసక ఊసేశాడు. "కుడికంటికి కనబడ్డాను నాయనా. నన్ను చూసి బెదిరింది. ఎడమ కంటికి నేను తెలుసు. కుడి కంటికి నేనెవరో తెలీదు."

బయ్యన్న లేచి బావి గట్టు దగ్గరికి నడిచాడు.

"కాకుల వల్ల కాదు నాయనా. కుడిపక్క ఏది కదిలినా మన గుర్రాలు ఎడమకే దూకుతాయి. మనమే అలా పెంచాం."

"తెలుసురా," అన్నాడు గుండప్ప. "నలభై ఏళ్ళుగా తెలుసు. రాజుగారి ముందు నోరు విప్పితే చెయ్యి పోతుందని నొక్కుకున్నాను. నా చెయ్యి ఇదిగో, ఉంది. ఏడుగురు పోయారు. ఈ బావి నాకు ఎక్కువేం కాదు." గొంతు పెంచాడు. "కుడివైపు మొదలుపెట్టు. కొత్త గుర్రం అనుకో. మళ్ళీ మొదటినుంచి."

"కుడిపక్క నిలబడితే చెయ్యి నరుకుతారట కదా," అన్నదో గొంతు.

బయ్యన్న ఉలిక్కిపడి తిరిగాడు. గడ్డిమోపు నెత్తిన పెట్టుకున్న పిల్ల. ముఖం నిండా మసి, చిరుగుల చీర, భుజాన నల్ల గొంగళి. ఆమె రాజుగారి కూతురు కుందనిక. తండ్రి ఇచ్చిన తీర్పు తప్పో ఒప్పో కళ్ళారా చూద్దామని వేషం వేసుకొచ్చింది. మీకు చెబుతున్నాను గాని, బయ్యన్నకి తెలీదు. మీరూ చెప్పకండి.

"చూసేశావా," అన్నాడు బయ్యన్న.

"చూశాను."

"వెళ్ళి చెబుతావా?"

ఆమె బావి వైపు చూసింది. గుర్రాన్ని చూసింది. దాని కుడిపక్క ఎండిన బురద పెచ్చులు కట్టి ఉంది. ఇంతవరకు అటు నుంచి ఏ గుర్రాన్నీ చూసి ఉండలేదు.

"కాకులు ఎలా లేస్తాయో అలా గొంగళి దులపమంటావా?" అంది.

బావిలోంచి గుండప్ప అన్నాడు. "ఎవర్రా ఆ పిల్ల? బుర్రున్న పిల్లలా ఉందే. జాగ్రత్త, పెళ్ళి చేసుకుంటానంటావేమో."

*

ఎనిమిది రోజులు. ఎనిమిది మధ్యాహ్నాలు. పడవ కింద గురకలు ఆగినప్పుడల్లా బయ్యన్న ఎడమపక్కకి పరుగెత్తుకొచ్చేవాడు. గురకలు మొదలవగానే కుడికి. కుడి మెడ మీద మొదట వేలు, తర్వాత చెయ్యి, తర్వాత తడిగుడ్డ. జన్మలో మొదటిసారి ఆ పక్క బురద కడిగితే కింద ఎడమపక్క కంటే నిగనిగలాడే నలుపు బయటపడింది. కుందనిక గొంగళిని ముందు యాభై అడుగుల దూరాన దులిపేది, తర్వాత ముప్ఫై, తర్వాత చెవి పక్కన. మిణుగురు మొదట గెంతింది, తర్వాత వణికింది, తర్వాత నిలబడి చెవి తిప్పింది. అయిదో రోజుకి ఆ గొంగళిని కొరికి నమిలింది.

"నా గొంగళి తినేసింది."

"నీ గడ్డి కంటే బాగుందట."

ఆరో రోజు వెనక్కి నడవడం నేర్చింది. ఏడో రోజు కుడి పగ్గం పక్కటెముకల మీద ఆనిస్తే ఎడమకి జరగడం నేర్చింది. ఎనిమిదో రోజు పడవ కింద గురక ఉన్నట్టుండి తెగింది. ఒక భటుడు కళ్ళు నులుముకుంటూ తల బయటపెట్టాడు. బయ్యన్న అప్పుడు కుడిపక్కనే ఉన్నాడు, చెయ్యి గుర్రం మెడ మీదే ఉంది. తీసే వ్యవధి లేదు.

గడ్డిమోపు భటుడి ముఖం మీద పడింది.

"అయ్యో, అన్నయ్యా, కళ్ళు కనబడక పడేశాను," అంటూ కుందనిక మోపుతో పాటు తానూ పడింది. భటుడు గడ్డి ఊసేసుకుని లేచేసరికి బయ్యన్న ఎడమపక్కన నిలబడి మిణుగురు జూలు దువ్వుతున్నాడు, పుట్టినప్పటి నుంచీ అక్కడే ఉన్నవాడిలా.

*

తొమ్మిదో రోజు పొద్దు నడినెత్తిన ఉండగా కత్తిదారి మొదట్లో నిలబడ్డారు. కుందనికని అక్కడే ఉండమన్నాడు బయ్యన్న. మిణుగురు వీపున మడతపెట్టిన బొంత, ముందు అది, వెనక అయిదు బారల దూరాన అతను.

"పద."

కుడిపక్క బండ. ఎడమపక్క గాలి. డెక్కల కింద నుంచి రాళ్ళు జారి లోయలో పడ్డ చప్పుడు కోసం చెవి ఒగ్గితే చప్పుడు రాలేదు. అంత లోతు. బయ్యన్న కాళ్ళ వేళ్ళు రాయిని పట్టుకుని నడుస్తున్నాయి, చేతుల్లో మాత్రం పిచ్చుకపిల్లలే ఉన్నాయి.

సగం దారిలో బండ కదిలినట్టయింది.

వందలు, వేలు. కన్నాల్లోంచి కాకులు నల్లటి తారులా ఉబికి వచ్చాయి. రెక్కలు మిణుగురు కుడి చెంపని కొట్టాయి. దాని ఒళ్ళంతా ఒక్కసారి జలదరించింది. ఎడమ ముందు డెక్క అంచు మీదికి జరిగింది. అంచు పెళ్ళ ఊడింది.

బయ్యన్న లాగలేదు. లాగితే పోయేది. "నిలు," అన్నాడు, రోజూ సంకటి పెట్టమని తల్లిని అడిగే గొంతుతో. పగ్గాలు వదులు చేశాడు.

మిణుగురు నిలబడింది. మూడు కాళ్ళు రాతి మీద, ఒక కాలు గాలిలో. కుడి కన్ను తిప్పి కాకుల్ని చూసింది. నమలడానికి గొంగళి ఏదైనా ఉందేమో అన్నట్టు మూతి చాపింది. ఒక కాకి తోక ఈకలు దాని పళ్ళ మధ్య చిక్కాయి. మిగతా కాకులకి ఇలాంటి గుర్రం ఇంతవరకు తగల్లేదు. గోల పెట్టుకుంటూ ఆకాశానికి లేచిపోయాయి.

"పద," అన్నాడు బయ్యన్న. గాలిలో ఉన్న కాలు వెనక్కి వచ్చి రాతి మీద పడింది.

గుహలో నాగమణుల వెలుగు. ముప్ఫై తలల దీపస్తంభాలు, పులితోళ్ళ పరుపులు, పుర్రెల తోరణాలు. నడుమ కాకదంతుడు వెల్లకిలా పడుకుని నిద్రపోతున్నాడు. వాడి గురకకి గుహ కప్పు లేచి పడుతోంది. వాడి తల పక్కనే, గుర్రం వీపు ఎత్తున ఉన్న రాతిగూట్లో, రాగిబిందె. చూడ్డానికి ఇంట్లో నీళ్ళ బిందె అంతే. చెవి పెడితే లోపల నీలవేణి హోరు.

మనిషి దాన్ని ఎత్తలేడు. కాబట్టి గుర్రమే దాని కిందికి పోవాలి. వెనక్కి.

"వెనక్కి," అన్నాడు గుసగుసగా. రెండు పగ్గాలూ సమానంగా, వెంట్రుకవాసి బిగించాడు. మిణుగురు ఒక్కొక్క అడుగే వెనక్కి వేసింది. ఒక డెక్క కాకదంతుడి చెవికి జానెడు దూరంలో దిగింది. మరో డెక్క వాడి గడ్డం మీద. గడ్డం బారెడు పొడుగు కాబట్టి వాడికి తెలీలేదు. బొంత గూటి అంచుని తాకగానే బిందె తనంత తానే జరిగి వీపు మీదికి వచ్చింది. గువ్వ వాలినట్టు వచ్చింది. బయ్యన్న దాన్ని నడుం పట్టీకి కట్టేసి, ఊపిరి బిగబట్టి, "పద" అని పెదాలు మాత్రమే కదిపాడు.

మిణుగురు గడ్డం మీద నుంచి డెక్క తీసింది. గురక ఆగింది.

*

దిగేటప్పుడు బండ ఎడమకి వచ్చింది, లోయ కుడికి. సగం దారి దాటారు. వెనకాల ఎవరూ రావడం లేదు. అందుకే బయ్యన్నకి భయం వేసింది. మంచు తెరలు లోయలోంచి లేచి దారి అంచుని కప్పేస్తున్నాయి.

ఆ మంచులో, గుర్రం కుడిపక్కన, రాజుగారు నిలబడి ఉన్నారు.

నవరత్న కిరీటం, మోకాళ్ళ దాకా ముత్యాల హారాలు, నడుమున బంగారు పిడి కత్తి. "భళా గుండప్ప కొడకా," అన్నారు వజ్రకేతు మహారాజు. "నీ కోసం నేనే ఎదురొచ్చాను. ఇక గుర్రం నాది. తప్పుకో."

బయ్యన్న కుడిచెయ్యి దానంతటదే తెరుచుకుంది. పగ్గం జారిపోయింది. తల వంగింది. అతను వంచలేదు. పుట్టిన దగ్గర్నుంచి ఇరవై ఏళ్ళుగా వంచడం నేర్చిన మెడ, అదే వంగింది. కాకులకి బెదరని గుర్రం నిలబడే ఉంది. బెదిరింది దాన్ని నడిపేవాడే.

కానీ తల వంచినవాడికి పాదాలు కనబడతాయి. రాజుగారి రత్నాల పాదుకలు కనబడ్డాయి. వాటి కింద నేల కనబడలేదు. మంచు పొర విడిపోతే అక్కడ దారి లేదు, అంచు లేదు, ఉత్త లోయ.

తల ఎత్తమన్నాడు మెడని. ఎత్తలేదు. కుడి పగ్గం కొస అంచు మీద పాములా జారుతోంది. ఇంకో మూర జారితే లోయలోకి. దాన్ని అందుకోమన్నాడు చేతిని. వేళ్ళు కదల్లేదు. ఆ రాజు నవ్వుతూ ఒక కాలెత్తి, బిందె పక్కన వీపు మీదికి ఎక్కబోయాడు. నవ్వులో ఒకే పన్ను, నల్లది.

"కుడివైపు మొదలుపెట్టు. కొత్త గుర్రం అనుకో," అన్న నాయన మాట చెవిలో పడింది. బయ్యన్న ఒక వేలు కదిపాడు. తర్వాత చెయ్యి. ఒక్కసారిగా అంచు మీద పడి, జారిపోతున్న కొసని పిడికిట పట్టాడు. ముఖం లోయలోకి వేలాడుతోంది. అలాగే పడుకుని కుడి పగ్గాన్ని మిణుగురు పక్కటెముకల మీద ఆనించాడు.

"ఈ పక్క నాది," అన్నాడు.

మిణుగురు నేర్చుకున్నట్టే ఎడమకి జరిగి బండకి అతుక్కుపోయింది. ఎక్కబోయిన కాలుకి వీపు అందలేదు. కాకదంతుడు గాల్లో తలకిందులై, కాకిగా మారేలోగా మడమతో బిందె మూతిని తన్నాడు. నల్ల ఈకల ముద్దొకటి గిరగిరా తిరుగుతూ మంచులో కలిసిపోయింది.

బయ్యన్న లేచి చూశాడు. లక్క పగిలింది. పగులులోంచి నీళ్ళు. ముందు చుక్కలు, తర్వాత ధార. తలపాగా విప్పి మూతిలో కుక్కాడు. గుడ్డ ఉబ్బుతోంది. దాని అంచుల్లోంచి కారే నీరు అతని పాదాల మధ్య నుంచి దారి వెంట పరుగు తీసింది.

నీరు పల్లానికే పోతుంది. పల్లాన ఎండిన నది ఉంది. నది నడుమ బావి. బావిలో నాయన.

*

కొండ దిగేసరికి ధార వాగయింది. మిణుగురు ఉరుకు నడకలో, వెనకాల బయ్యన్న పగ్గాలు పట్టుకుని పరుగు. ఎక్కి కూర్చుంటే రెండు నిమిషాల్లో బావి దగ్గరుంటాడు. ఎక్కితే నది ఉండదు. కుందనిక పక్కన పరుగెత్తుతూ, మసి చెమటకి కరిగి కారుతుంటే, అడుగుతోంది.

"బావిలోకి మోకేదీ?"

"లేదు. కోటలో ఉంది."

"కోట ఆమడ దూరం."

పొద్దు రెండు బారల ఎత్తున ఉంది. బావి దగ్గర భటులిద్దరూ పారలు పట్టుకుని సిద్ధంగా ఉన్నారు. వాగు వాళ్ళ పాదాలు తడిపి, బావి గట్టు చుట్టూ తిరుగుతోంది. లోపల అప్పుడే చప్పుడు. నీటి చప్పుడు.

"ఒరే బయ్యా," బావిలోంచి గుండప్ప. "నది వచ్చినట్టుందే. నడుము దాకా వచ్చింది. నీళ్ళు చల్లగా ఉన్నాయి, నాకేం తొందర లేదు, నువ్వు గుర్రాన్ని చూసుకో."

బయ్యన్న రెండు పగ్గాలూ కడియాల్లోంచి లాగేశాడు. కొసా కొసా ముడివేశాడు. అయిదు, అయిదు. పది బారలు. కుందనిక చేతిలో పెట్టాడు.

"నువ్వు లాగు. నేను ఇక్కడుంటే బిందె కూడా ఇక్కడే ఉంటుంది. నీళ్ళన్నీ బావిలోకే పోతాయి. దీన్ని దిగువకి తీసుకుపోవాలి."

"పగ్గాల్లేకుండానా?"

అతను అప్పటికే గుర్రం వైపు తిరిగాడు. భటుడొకడు పార ఎత్తి అడ్డొచ్చాడు. "ఏయ్ గడ్డిదానా, ఖైదీని బయటికి తియ్యమని నీకెవరు చెప్పారు?"

కుందనిక చీర కొంగుతో ముఖం తుడుచుకుంది. వేలి ఉంగరం మీది సింహముద్ర ఎండలో మెరిసింది. "నేనే చెప్పాను," అంది. "పార పారేసి తాడు పట్టు. ముందు నువ్వు, వెనక నేను."

భటుడి నోరు తెరుచుకునే ఉండిపోయింది. చేతులు మాత్రం తాడు పట్టుకున్నాయి. బయ్యన్న ఆ ఉంగరాన్ని చూశాడో లేదో తెలీదు. చూసినా ఆశ్చర్యపోయే తీరిక లేదు. మిణుగురు కుడిపక్కకి వచ్చి నిలబడ్డాడు. ఇద్దరు రాజభటులు చూస్తుండగా, పట్టపగలు, కుడి మెడ మీద చెయ్యి వేశాడు.

"పద."

కళ్ళెం ఉన్నా లేనట్టే, పగ్గం లేదు, లాగేవాడు లేడు. మిణుగురు ఒక క్షణం ఆలోచించింది. కుడి కంటితో అతన్ని చూసింది. నడిచింది. నడక ఉరుకైంది. ఇద్దరూ పక్కపక్కనే ఇసకలో దిగువకి పరుగెత్తారు. బొంత మీద బిందె మోగుతోంది. తలపాగా గుడ్డ పొట్టపగిలేలా ఉబ్బి, పోగు పోగుగా తెగుతోంది. బావి వెనకపడింది. వంద బారలు. రెండు వందలు. వెనక్కి చూడలేదు. చూస్తే గుర్రం ఆగుతుంది.

అప్పుడు వెనకనుంచి, నీళ్ళ హోరు మీదుగా, ఒక గొంతు వినబడింది.

"ఎడమ వెనక కాలు ఇంకా ఈడుస్తోందిరా."

ఆ మాట బావి లోపలి నుంచి వచ్చిందా, గట్టు మీది నుంచి వచ్చిందా? ఈసారి ఆ గొంతులో బావి మారుమోత లేదు. బయ్యన్న తల తిప్పబోయాడు. ఆఖరి పోగు తెగింది. మిణుగురు వీపు మీద నీలవేణి నిలువెత్తున లేచి నిలబడింది.